అంకణం అంటే ఎన్ని అడుగులు?

(ఇంటర్నెట్‌లో తెలుగులో రాస్తున్నవాళ్ళ కోసం నెల్లూరులో ఒక గ్రంథాలయం హాలులో ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల కింద కుర్చీలు నిండిపోయాయి, వెనకాల నిలబడ్డవాళ్ళు కిటికీ పక్కకి రండి, గాలి వస్తుంది.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. అంకణం అంటే ఎన్ని చదరపు అడుగులు? ... 72. అందరూ ఒకే గొంతుతో అన్నారు. కాదు, ఆ మూల ఎవరో 36 అన్నారు. ఏ ఊరన్నా మీది? తిరుపతి. అనుకున్నాను. ఆయనా తప్పు చెప్పలేదు, మీరూ తప్పు చెప్పలేదు. నెల్లూరు అంకణం 72, తిరుపతి అంకణం 36. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ 72కీ 36కీ మధ్యలోనే ఉంది.

నేను చాలాకాలం డీటీపీ పని చేశాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, లేఅవుట్ల బ్రోచర్లు. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టాను. మొదట్లో రాసిన వాటిలో ఒకటి ‘భూమి కొలతలు - ఒక సమగ్ర పరిశీలన’. రాజుల కాలం నుంచి మొదలుపెట్టి, బ్రిటిష్ సర్వే మీదుగా, మెట్రిక్ పద్ధతి దాకా లాక్కొచ్చాను. పది రోజులు కష్టపడ్డాను. దాన్ని పూర్తిగా చదివింది ఇద్దరే. నేను, అచ్చుతప్పులు చూసిపెట్టిన మా తమ్ముడు. ఆ టైటిల్లో ‘సమగ్ర’ అనే మాట చూడండి. సమగ్ర పరిశీలన కావాలని ఫోన్ తీసి వెతికే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

చాలా నెలల తర్వాత సెర్చ్ కన్సోల్ తెరిచాను. గూగుల్ ఉచితంగా ఇచ్చేదే. మన పేజీ ఏయే మాటలకు వెతుకులాటలో కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, ఇవన్నీ అందులో ఉంటాయి. 16 నెలల వరకూ వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. అందులో నా మహాగ్రంథానికి ఎదురుగా ఉన్న మాటలేమిటో తెలుసా? ‘అంకణం ఎన్ని గజాలు’, ‘సెంటుకి ఎన్ని అంకణాలు’, ‘నెల్లూరు అంకణం’, ‘అంకనం అంటే ఎంత’. చివరిదాంట్లో ‘న’ చూశారా, ‘ణ’ కాదు. జనం అలాగే కొడతారు. వీటన్నిటికీ నా పేజీ కనిపిస్తోంది, కానీ రెండో పేజీలో ఎక్కడో అడుగున. ఎవరూ నొక్కడం లేదు. నొక్కినా లాభం లేదు లెండి. వాళ్ళకి కావాల్సిన జవాబు నా వ్యాసంలో పదిహేడో పేరాలో ఉంది.

అప్పుడు ఆ నాలుగు ప్రశ్నలనూ ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాను. ఇప్పటికీ నేను కంప్యూటర్లో ప్లాన్ చేయను, కాగితం మీదే. రాసుకుని, అదే మాటలతో నేను కూడా వెతికాను. మొదటి పేజీలో వచ్చినవన్నీ తెరిచి చదివాను. కొన్ని 72 అంటున్నాయి. కొన్ని 36 అంటున్నాయి. రెండూ ఎందుకున్నాయో ఒక్కటీ చెప్పడం లేదు. ఆ ఖాళీ చూడగానే నాకు అర్థమైంది, ఇక్కడ నేను రాయాల్సింది ఉందని. పరిశోధన అంటే నా లెక్కలో ఇదే. అడిగేవాడి ప్రశ్నకు ఇప్పటికే ఉన్న జవాబుల్లో ఏది ఎక్కడ కుంటుతోందో పట్టుకోవడం. ఏదీ కుంటకపోతే ఆ వ్యాసం రాయనక్కర్లేదు. ఆ రోజు హాయిగా నిద్రపోవచ్చు.

తర్వాత, అడిగేవాడు ఎక్కడ నిలబడి అడుగుతున్నాడు? ఇది కాగితం మీద రెండో వరుస. అంకణం గురించి వెతికే మనిషి తీరిగ్గా ఇంట్లో కూర్చుని లేడు. లేఅవుట్ దగ్గర రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. పక్కన మధ్యవర్తి ‘అన్నా, అంకణం ఇంతకు మాట్లాడి పెడతా’ అంటున్నాడు. ఈయన హైదరాబాద్‌లో ఉద్యోగం, గజాల్లో తప్ప లెక్క రాదు. ఇప్పటికిప్పుడు గజానికి ఎంత పడుతుందో కావాలి. మరి నేను ఆయనకి రాజుల కాలం చెప్తానా?

అందుకని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేశాను. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి, చిత్తూరు వైపు 36 అడుగులు, అంటే 4 గజాలు. ఆ కింద లెక్క చూపించాను. ఎకరం 4,840 గజాలు కాబట్టి మన లెక్కలో ఎకరానికి 605 అంకణాలు, సెంటుకి 6.05. అటువైపు లెక్కలో సరిగ్గా దానికి రెట్టింపు, 1,210. ఆ తర్వాత ఎవరూ రాయని ముక్క ఒకటి రాశాను. బేరం నోటితో అంకణాల్లో జరిగినా సరే, డబ్బు చేతులు మారేముందు పత్రంలో గజాలు, చదరపు మీటర్లు ఎంత వేశారో చూసుకోండి, రెండు జిల్లాల సరిహద్దు ఊళ్ళలో అయితే ‘ఏ అంకణం?’ అని నోరు తెరిచి అడగండి అని. అంతే వ్యాసం. పాతదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. కొన్ని వారాలకి మొదటి పేజీలోకి వచ్చింది.

ఇక్కడ ఒక మాట. పొట్టిగా రాస్తే పైకొస్తుందని నేను అనడం లేదు. ఇన్ని పదాలుంటేనే గూగుల్ చూస్తుందని కొందరు చెప్తుంటారు, అలాంటి కొలబద్ద ఏదీ లేదు. ప్రశ్న ఎంతుంటే జవాబు అంత. వెంకటగిరి చీర అసలుదో కాదో ఎలా గుర్తుపట్టాలి అంటే ఫోటోలు, జరీ, పోగు, ధర, ఇవన్నీ చెప్పాలి, పెద్దదే అవుతుంది. అంకణానికి అంత అక్కర్లేదు.

రెండో కథ మా బావది. మా అక్క వాళ్ళది సముద్రం వైపు ఊరు, రొయ్యల గుంటలున్నాయి. ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్. ‘రే, రొయ్య పైకి తేల్తా ఉండాదిరా, టెక్నీషియన్ ఫోన్ ఎత్తలా, ఏందో చూడు నీ ఫోన్లో’ అన్నాడు. ఇక్కడ గమనించండి, బావకి చదువుంది, ఫోనుంది, కానీ చేతులు తడి, గట్టు మీద చీకటి, టెన్షన్. నన్ను చూడమన్నాడు. నేను తెలుగులో వెతికాను. మొదట వచ్చింది ఏంటి? ‘మన రాష్ట్రానికి సుదీర్ఘమైన తీరరేఖ కలదు. రొయ్యల ఎగుమతి ద్వారా విదేశీ మారకద్రవ్యం లభించును.’ విదేశీ మారకద్రవ్యం అక్కడ గుంటలో చచ్చిపోతోంది సార్!

ఆ రోజు నేను వెతికి చెప్పేలోపే బావే పక్క గుంట ఆయన్ని లేపి, ఆగిపోయిన ఫ్యాన్లకి జనరేటర్ వేయించాడు. రొయ్య దక్కింది. నాకు మాత్రం ఆ వాక్యం మనసులో ఉండిపోయింది. ‘రొయ్య పైకి తేల్తా ఉండాది.’ ఏ పుస్తకం తిరగేసినా విషయసూచికలో ఆ మాట ఉండదు. పుస్తకంలో ‘కరిగిన ప్రాణవాయువు లోపం’ అని ఉంటుంది. రెండూ ఒకటే. మనిషికి నోట్లోంచి వచ్చేది మాత్రం మొదటిది.

తర్వాత ఒక టెక్నీషియన్ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని ఆ వ్యాసం ప్లాన్ చేశాను. నేను రైతుని కాదు కాబట్టి తెలిసినవాడి దగ్గర కూర్చోవడం తప్పనిసరి. ‘రొయ్యలు పైకి తేలుతున్నాయా? ముందు ఈ పని చేయండి’ అని పేరు పెట్టాను. మొదటి పేరా: ఏరియేటర్లన్నీ, అదే నీటిలో గాలి కలిపే ఫ్యాన్లన్నీ, వేయండి, మేత ఆపండి, మీటరుంటే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూడండి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందంటే ఆక్సిజన్ సమస్యే. ఇవి చేసి ఊపిరి పీల్చుకున్నాక చదువుకోవడానికి కింద కారణం. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అది కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకే తెల్లవారే ముందు అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. మబ్బు పట్టిన రోజు మర్నాడు ఇంకా జాగ్రత్త. ఆ తర్వాత, డీఓ బాగానే ఉండి పగటిపూట కూడా రొయ్య గట్టు పట్టుకుంటుంటే అది వేరే కథ, శాంపిల్ తీసుకుని ల్యాబ్‌కి వెళ్ళండి అని. ఇప్పుడు పెంచే వనామీ రకం రొయ్యకి మన దేశంలో 2009లో అనుమతి ఇచ్చారు, అంతకుముందు టైగర్ రొయ్యని తొంభైల మధ్యలో తెల్లమచ్చ రోగం ఎలా ముంచిందో నాకు బాగా తెలుసు, రాయాలని చేతులు దురద పెట్టాయి కూడా. రాయలేదు. దానికి వేరే వ్యాసం, కింద ఒక లింకు. అది కావాల్సినవాడు అక్కడికి వెళ్తాడు.

మాటల సంగతి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. మనం రాసేటప్పుడు పత్రికల మాట వేస్తాం, వెతికేవాడు ఇంటి మాట వేస్తాడు. మన జిల్లాలో మొదటి పంట కోతయ్యాక నీళ్ళుంటే వేసే రెండో కారుని ఏమంటారు? ఎడగారు. ‘ఎడగారు వరికి ఏ రకం మేలు’ అని వెతికితే దొరికేవి తక్కువ. ఎందుకంటే రాసేవాళ్ళంతా ఖరీఫ్, రబీ అని రాస్తున్నారు. అది కూడా తెలంగాణ లెక్కలో, జూన్‌లో వానలు పడతాయన్నట్టు. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో కదా, ఈశాన్య రుతుపవనాలకి. వేరే చోటి క్యాలెండర్ని కాపీ కొట్టి నెల్లూరు రైతుకి చెప్తే, వాడు రెండో వాక్యానికే ఫోన్ పక్కన పెడతాడు. ధాన్యం ధర కూడా అంతే. మనం పుట్టి లెక్కన మాట్లాడతాం, 850 కిలోలు. పక్క జిల్లావాడు బస్తా అంటాడు. వ్యాసంలో రెండూ ఉండాలి. నెల్లూరు వాడు వెతికేది పుట్టితోనే.

ఇంకా తమాషా, సగం మంది అసలు తెలుగు అక్షరాల్లో కొట్టరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, లేదంటే మైకు నొక్కి మాట్లాడతారు. మైకులో మాట్లాడినప్పుడు ప్రశ్న పూర్తి వాక్యంగా వస్తుంది. ‘రొట్టెల పండగ ఎప్పుడు వచ్చింది ఈసారి’ అని. కాబట్టి ఉపశీర్షిక కూడా మనిషి అడిగినట్టే పెట్టండి. గూగుల్ పెట్టెలో రెండు మాటలు కొట్టి ఆగితే కింద జాబితా పడుతుంది చూడండి, అది ఉచితంగా దొరికే పరిశోధన. నేను అక్షరం అక్షరం మార్చి చూస్తాను. ‘నిమ్మ గ’ అంటే గజ్జి తెగులు వస్తుందా, గూడూరు మార్కెట్ వస్తుందా అని. ఏ మాటని ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్ కూడా వాడండి, కానీ ఒక హెచ్చరిక. అందులో 100 అంటే వంద మంది వెతికారని కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. మొన్న ఒక తమ్ముడు ‘అన్నా, నా టాపిక్‌కి వంద మందే ఉన్నారు’ అని దిగులుపడ్డాడు.

ఒక్క అక్షరం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్తాను. నెల్లూరుని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక ‘ఎల్’ తగ్గించి వెతకండి. మన ఊరు రాదు, బ్రెజిల్ ఆవులు వస్తాయి. అక్కడి పశువుల్లో పేరున్న జాతికి పేరే అది. మూలం మన ఒంగోలు జాతే. మరి ఒంగోలు పేరు ఎందుకు పెట్టలేదు? ఆ పశువులు ఓడలెక్కింది పందొమ్మిదో శతాబ్దంలో, అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది, 1970లో సొంతంగా జిల్లా అయింది, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఒంగోలు వాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే నా మీద కోపం తెచ్చుకోవద్దు, గిత్త మీదే. రాసేవాడికి మాత్రం ఇందులో పని ఉంది. శీర్షికలో ఊరు, జిల్లా, గిత్త, మూడూ స్పష్టంగా లేకపోతే మన వ్యాసం బ్రెజిల్ మందలో కలిసిపోతుంది.

జిల్లాలంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, వెంకటగిరి తిరుపతిలోకి వెళ్ళింది. ఆ తర్వాత కూడా పాత జిల్లా పేరుతోనే ఎన్ని పేజీలు నిలబడి ఉన్నాయో. ప్లాన్ కాగితం మీద చివర్లో నేను ‘ఇందులో ఏది మారుతుంది?’ అని ఒక వరుస రాస్తాను. రేటు, తేదీ, అధికారి, జిల్లా. మారేవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలిస్తే, మారిన రోజు అరగంటలో సరిచేయొచ్చు.

రొట్టెల పండగ దీనికి మంచి ఉదాహరణ. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, ఇవి మారవు. తేదీ మారుతుంది, మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా. చాలామంది ఏటా కొత్త పేజీ పెడతారు. నేను ఒకే పేజీ ఉంచి, ప్రతి ఏడూ తేదీ, ట్రాఫిక్ మళ్ళింపు, పార్కింగ్ మారుస్తాను. పాత పేజీకి వచ్చిన పేరు పోదు. ఇంకొకటి, పండగ ముందురోజు రాస్తే ఎవరికీ అందదు. నెల, నెలన్నర ముందే సిద్ధంగా ఉండాలి. ఉలవపాడు మామిడి గురించి మే నెలలో మొదలుపెడితే పండ్లు తినేసి టెంకలు పారేశాక మన వ్యాసం పైకొస్తుంది.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మధ్యలో ఒక సంస్థవాళ్ళు ఫోన్ చేశారు, నెలలో మొదటి స్థానం అని. డబ్బు కట్టాను. వాళ్ళు నా నిమ్మతోట వ్యాసంలో ‘నెల్లూరు నిమ్మ ధర’ అనే మాటని ప్రతి రెండు వాక్యాలకీ ఒకసారి ఇరికించారు. చదివితే తలుపు దగ్గర ఎవరో అదే పనిగా బెల్ కొడుతున్నట్టుంది. పైకి కనబడని కీవర్డుల (వెతికే మాటల) ట్యాగు నింపారు, గూగుల్ దాన్ని లెక్కలోకి తీసుకోనని 2009లోనే చెప్పింది. ఆ పేజీ ఉన్న చోటునుంచి ఇంకా కిందికి పోయింది. తప్పు వాళ్ళదని అనను, చెక్కు రాసింది నేనే కదా.

టెక్నికల్ విషయాలు గబగబా చెప్పేస్తాను, ఇవి పెద్ద విద్య కాదు. శీర్షికలో అసలు మాట ముందుండాలి, తెలుగు అక్షరాలు వెడల్పు, ఫోన్‌లో తొందరగా తెగిపోతుంది. మాట ఒక్కసారైనా విభక్తి లేకుండా రావాలి, అన్నిచోట్లా ‘అంకణానికి’, ‘అంకణాల్లో’ అని కాకుండా ‘అంకణం’ అని. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన మేటర్ అలాగే తెచ్చి అతికించొద్దు, యూనికోడ్‌లోకి మార్చండి. మార్చకపోతే అది తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లీషు చెత్తే. ఇరవై వ్యాసాలు అలా పెట్టి, ఎవరూ రావడం లేదని ఏడ్చిన డీటీపీ ఆపరేటర్ని నేనే. పోస్టరులో అక్షరాలు ఉంటే కింద మళ్ళీ టైపు చేయండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఏఐ వచ్చేసింది కదా, ఇంక మనం ఎందుకు? 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ పైనే సారాంశం చూపిస్తోంది. నా అంకణం పేజీకి దెబ్బ తగిలింది, దాచను. కనిపించడం తగ్గలేదు, నొక్కడం తగ్గింది. ‘8 గజాలు’ అనే జవాబు పైనే దొరికితే లోపలికి ఎవరొస్తారు? కొన్ని రోజులు దిగులుపడి, మళ్ళీ కాగితం తీశాను. ఎవరింకా లోపలికి వస్తున్నారని చూస్తే, సరిహద్దు ఊళ్ళలో కొనేవాళ్ళు, పాత దస్తావేజు చేతిలో పట్టుకున్నవాళ్ళు. మా తాతగారి కాగితంలో అంకణాలున్నాయి, ఇప్పుడు కొలిస్తే తేడా వస్తోంది, ఏం చేయాలి అనేవాళ్ళు. వాళ్ళ కోసం ఒక పాత పత్రం ఫోటో పెట్టి, పేర్లు చెరిపేసి, హద్దుల దగ్గర్నుంచి వరుసగా లెక్క వేసి చూపించాను. గూగుల్ తన ఫలితాల నాణ్యత చూసే సమీక్షకుల మార్గదర్శకాల్లో 2022 చివర్లో ‘అనుభవం’ అనే మాట కలిపింది. రాసినవాడు ఆ పని చేసి చూశాడా అని. రెండు వాక్యాల జవాబు ఎవరైనా ఇస్తారు. బావ గట్టు మీద మూడున్నరకి నిలబడ్డ సంగతి బావకే తెలుసు.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ... చెప్పండమ్మా.

‘నేను వంటలు రాస్తానండి. నెల్లూరు చేపల పులుసు రాద్దామంటే ఇప్పటికే వేలున్నాయి. ఎలా?’

మంచి ప్రశ్న. ఇప్పుడే ప్లాన్ చేద్దాం. మీరు చెప్పండి, ఆ వేలల్లో మొదట ఏముంటుంది? ... అవును, నెల్లూరు చరిత్ర. చేప కడిగి ఉప్పూ పసుపూ పట్టించి ఫోన్ తీసిన మనిషికి అది ఎందుకు? తీసేద్దాం. ఇప్పుడు ఎవరు వెతుకుతున్నారు? హాస్టల్ పిల్లవాడా, కొత్త కోడలా? ... అమెరికాలో ఉన్న మీ చెల్లెలు! బాగుంది. ఆమె మిమ్మల్ని ఫోన్లో ఏం అడుగుతుంది?

‘ముక్క విరిగిపోతోంది అంటుందండి. మామిడికాయ ఎప్పుడు వేయాలి అంటుంది. మట్టికుండ లేదు, దేంలో చేయాలి అంటుంది.’

చూశారా, మూడు ఉపశీర్షికలు వచ్చేశాయి. ముక్క విరగకుండా మీరేం చేస్తారు?

‘గరిటె పెట్టను. గిన్నె రెండు చేతులా పట్టుకుని తిప్పుతాను.’

అదే మీ మొదటి పేరా. ఆ తిప్పేటప్పుడు ఒక చిన్న వీడియో తీయండి, పది సెకన్లు చాలు. శీర్షికలో ‘ముక్క విరగకుండా’ అనే మాట ముందు పెట్టండి, ఆ తర్వాతే నెల్లూరు చేపల పులుసు. కొర్రమీనుకి ఒక టైమూ, బొమ్మిడాయిలకి ఒక టైమూ ఉంటాయి కదా, అవి నిమిషాల్లో రాయండి. మర్నాటికి రుచి ఎందుకు పెరుగుతుందో కూడా అడుగుతారు జనం. మామిడికాయ సంగతి ఏమిటి, ఎప్పుడు వేస్తారు?

‘నేను దించే ముందు వేస్తానండి. మా అత్త ఇంకా ముందే వేస్తుంది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.’

ఆమె ఎక్కడుంటారమ్మా?

‘కావలిలో.’

అయితే ఇప్పుడు బయటికెళ్ళి ఒక ఫోన్ చేయండి. ఆదివారం కదా, పొయ్యి దగ్గరే ఉంటారు.